సగం తల

ఆవిడ కుర్చీలో కూర్చోదు, కుర్చీని వెంటబెట్టుకుని తిరుగుతుంది. ఆఫీసు కుర్చీలకు చక్రాలుంటాయి కాబట్టి సరిపోయింది. కంప్యూటరు ముందు నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర్నుంచి కాఫీ మెషీన్ దాకా, దారిలో పక్క బల్లవాడి భుజం మీదుగా తొంగిచూసి వాడి తెర మీద ఒక తప్పు పట్టుకుని, వాడు మొహం మాడ్చుకునేలోగా మళ్ళీ తన చోటికి. ఇంట్లో చిన్నప్పటి నుంచి ఆవిడను బొంగరం అంటారు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే ఆలోచించి అదే పేరు పెట్టారు.

వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఒకే మాట అనేది: "అందరికీ అడుగున కుదురు పెట్టి పంపాడే ఆ దేవుడు, నీకు పెట్టడం మర్చిపోయాడు." కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టే కుదురు. మనిషి ఒకచోట నిలవకపోయినా అదే మాట, కుదురు లేదంటారు. పనయినా కుదరాలి, లెక్కయినా కుదరాలి. ఇన్ని చోట్ల వాడే మాట ఎక్కడో ఒకచోట మోసం చేయక మానదు. బొంగరాన్ని మోసం చేసింది.

నిలకడను మెచ్చుకునే మాటలు లోకంలో కొల్లలు. చెప్పేవాళ్ళను కాస్త గమనిస్తే, ఎక్కువమంది ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టి పని చేయించుకునేవాళ్ళే అయి ఉంటారు. ఆ మాటలు బొంగరానికి చెవిలో దోమలా ఉండేవి. అయినా ఆవిడ బతుకులో అందరికన్నా ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టిన తప్పు తిరగడం వల్ల జరగలేదు. చక్కగా కుదురుకున్న ఒక లెక్కను నమ్మడం వల్ల జరిగింది.

ముందు ఆవిడ పనేమిటో చెప్పాలి. చుట్టాలెవరైనా అడిగితే వాళ్ళ బావ, అంటే అక్క మొగుడు, ఆవిడకు నోరు తెరిచే అవకాశం ఇవ్వడు. "నీళ్ళు కిందికి పోతాయా పైకి పోతాయా అని మా మరదలు కంప్యూటర్‌ని అడుగుతుందండీ. కిందికే అని అది చెప్పగానే జీతం ఇచ్చేస్తారు."

బావ తెలివైనవాడే కానీ ఈ విషయంలో తప్పు. నీళ్ళు అన్నివేళలా కిందికి పోవు. గ్లాసులోంచి టీ మెల్లగా వంచి చూడండి. తిన్నగా కప్పులో పడాల్సిన టీ గ్లాసు అంచు తిరిగి, గ్లాసు ఒంటిని పట్టుకుని, కింద మీ మణికట్టు దాకా వచ్చేస్తుంది. వంపు కనిపిస్తే నీళ్ళు దాన్ని వదలవు. ఎంతదాకా అంటిపెట్టుకుంటాయి, ఎక్కడ పట్టు తప్పి రాలిపోతాయి అన్నదే బొంగరం పని. అది ముందే తెలిస్తే వస్తువు చేసి, పాడుచేసి, మళ్ళీ చేసే ఖర్చు తప్పుతుంది.

ఇందుకు వస్తువు బొమ్మను కంప్యూటరులో చిన్న చిన్న గళ్ళుగా కోస్తారు. వస్తువు ఒంటిని ఆనుకున్న చోట గళ్ళు ఉల్లిపొరల్లా పలచగా ఉండాలి. వంపు తిరిగే దగ్గర మరీ చిన్నవి కావాలి, ఎందుకంటే తగాదా అంతా అక్కడే. ప్రతి గడీ తన దగ్గర నీళ్ళు ఎటు, ఎంత జోరుగా పోతున్నాయో పక్క గడిని అడిగి చెబుతుంది. పక్క గడి దాని పక్కదాన్ని అడుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో పుకారు తిరిగినట్టు ఆ కబురు అన్ని గళ్ళూ తిరిగి తిరిగి, ఇక ఎవరూ మాట మార్చరు అనుకున్నప్పుడు లెక్క పూర్తయినట్టు. తెర మీద ఎగిరెగిరి పడుతున్న గీతలు అప్పుడు చదునుగా పడుకుంటాయి. ఆఫీసులో వాళ్ళు కన్వర్జ్ అయిందంటారు. ఆవిడ కుదిరిందంటుంది.

చదువయ్యాక ఆవిడ తిరగని చోటు లేదు. పంపులు చేసేచోట, ఫ్యాన్లు చేసేచోట, వాననీటి కాలువలు కట్టే ఆఫీసులో, హెల్మెట్ల ఫ్యాక్టరీలో. ఎక్కడా పట్టుమని రెండేళ్ళు లేదు. తీసేశారేమో అనుకోకండి. ప్రతిచోటా తనే మానేసింది, అదీ ఒకే వరసలో. ఒక లెక్క తప్పుతుంది. పైవాళ్ళు మాటలతో సర్దేస్తారు. ఈవిడకు ఒళ్ళు మండుతుంది. మర్నాటికి బ్యాగు సర్దుకుంటుంది. తప్పు అక్కడే ఉండిపోతుంది, ఈవిడ మాత్రం ఉండదు.

అక్క పూర్తిగా వేరు. పెళ్ళికి ముందు ఏ గదిలో బ్యూటీ పార్లర్ పెట్టిందో ఇప్పటికీ అదే గది. వీధి వైపు అద్దాల తలుపు, గోడ పొడవునా అద్దాలు, వాటి ముందు కుర్చీలు, వెనక మూల తలలు కడిగే బేసిన్. ఆ బేసిన్‌కు ఒక పక్క గోడ. కాబట్టి కడిగే మనిషి రెండో పక్కనే నించోవాలి. అక్కది ఎడమచేతి వాటం, ఆమెకు ఆ పక్కే హాయి. పార్లర్‌కు వచ్చేవాళ్ళకు మాత్రం ఆ బేసిన్ అంటే భయం. వెనక్కి వాలి మెడ ఆనించగానే ఎముక ఒత్తుకుంటుంది. కడుగుతుంటే మెడ వంపు పట్టుకుని నీళ్ళు జాకెట్లోకి దిగుతాయి. అందుకని అక్క ప్రతి ఒక్కరి మెడ చుట్టూ తువ్వాలు చుట్టేది, అది తడిసి ముద్దయ్యాక ఇంకొకటి. సాయంత్రానికి ఉతకాల్సిన తువ్వాళ్ళ బుట్ట పొంగిపోయేది.

"ఇన్ని కంపెనీలు తిరిగావు కదే," అందొకసారి అక్క, తువ్వాళ్ళు పిండుతూ. "నాకు పనికొచ్చే పని ఒక్కటి చేశావా? కుండకి కుదురు పెడతారు చూడు, అలా తలకొక కుదురు కావాలి. మెత్తగా ఉండాలి. నీళ్ళు దాటకూడదు. చేతనైతే చెయ్యి."

ఆ మాట బొంగరం బుర్రలో తిరిగింది. పార్లర్ సామాన్లు చేసే కంపెనీలో చేరడానికి వేరే కారణం అంటూ ఏమీ లేదు.

మెత్తటి అంచు అంటే గుండ్రటి అంచు. గుండ్రటి అంచు అంటే నీళ్ళకు పండగ, పట్టుకుని పాకిపోవచ్చు. పదునైన అంచు పెడితే నీళ్ళు టక్కున రాలతాయి, మెడ తెగుతుంది. బొంగరం దీనికి ఒక ఉపాయం చేసింది. అంచు గుండ్రంగానే ఉంచి, ఆ వంపు మీద సన్నటి గాడి ఒకటి గీసింది. కిటికీ సజ్జ కింద మేస్త్రీలు గాడి తీస్తారు కదా, వాన నీళ్ళు గోడ మీదికి పాకకుండా, అలాంటిదే. వంపును నమ్ముకుని వచ్చిన నీళ్ళు గాడి మొన దగ్గర పట్టు తప్పి బేసిన్‌లోకే పడాలి.

ఆ గాడి ఎంత పొడవుండాలి? అది లెక్క చెప్పాలి. కంప్యూటరులో ఒక తల ఉంది, జుట్టు లేనిది. ఆఫీసంతా దాన్ని గుండు బాబాయ్ అంటారు. బాబాయ్‌ని పూర్తిగా గళ్ళు కోస్తే లెక్కకు రెట్టింపు సమయం పడుతుంది. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళంతా చేసే పనే ఆవిడా చేసింది. బాబాయ్‌ని ముక్కు మీదుగా నిలువునా కోసి, సగం పారేసి, కోసిన చోట అద్దం లాంటి గోడ పెట్టింది. ఈ సగంలో ఏం జరిగితే ఆ సగంలోనూ అదే జరుగుతుందని కంప్యూటరుకు చెప్పడమన్నమాట. నీళ్ళు నడినెత్తి మీద పోసింది. గీతలు కాసేపు ఎగిరి, చదునై, పడుకున్నాయి. గాడి మెడ నడిమి భాగంలో చాలు, పక్కలు పొడిగా ఉంటాయి అని లెక్క చెప్పింది. ఇంత ముద్దుగా కుదిరిన లెక్క ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఆ కొలతలతో ఫైబర్‌తో ఒక నమూనా చేశారు. బొంగరం దాన్ని ఆటోలో పెట్టుకుని అక్క పార్లర్‌కు తీసుకెళ్ళి బిగించింది. "ఇక తువ్వాలు అక్కర్లేదక్కా," అని చెప్పి మరీ వచ్చింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. మెడ నొప్పి లేదన్నారు అందరూ. వీపు తడిసినవాళ్ళు కూడా కొంచెమే కదా అని ఊరుకున్నారేమో. తర్వాత ఒకరోజు అక్క ఫోన్ చేసి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. గొంతులోనే తెలిసింది.

బొంగరం వెళ్ళేసరికి పార్లర్‌లో ఎవరూ లేరు. బావ ఒక మూల కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అక్క కత్తెరలు తుడుస్తోంది, తుడిచినవాటినే మళ్ళీ.

"వచ్చావా తల్లీ. రా. నీ సోకుల బేసిన్ నా పరువు కడిగి పెట్టింది."

విషయం ఏమిటంటే, టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఒకామె పార్లర్‌కు వస్తుంది. ఆమె వస్తుందనే మరికొందరు వస్తారు. ఆవాళ మధ్యాహ్నం వార్తలకు ముందు తల కడిగించుకుని తిన్నగా స్టూడియోకు వెళ్ళింది. పట్టు జాకెట్టు వెనక తడిసి, అట్ట కట్టి, ఒంటికి అతుక్కుపోయింది.

"వార్తలన్నీ ఒక పక్కకి ఒరిగి చదివింది పాపం," అన్నాడు బావ పేపరు దించకుండా. "ఏ ప్రభుత్వం పడిపోతోందో అని కంగారుపడ్డా."

"ఏ వైపు?" అంది బొంగరం.

"ఏంటి ఏ వైపు?" అంది అక్క.

"తడిసింది ఏ వైపక్కా? కుడా, ఎడమా, నడిమధ్యనా?"

"సారీ చెప్పాల్సింది పోయి ఏ వైపంటావేంటే! వీపు తడిసింది. వీపుకి వైపులేంటే?"

"ఉంటాయి. చెప్పు."

"కుడి వైపు," అన్నాడు బావ. "భుజం కింద నుంచి మొదలై..."

"మీరెందుకు చూశారు?" అని అక్క అతని వైపు తిరిగింది. బావ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కానీ అప్పటికే బొంగరం కన్ను అతని మీద పడింది. బావది నున్నటి గుండు.

"బావా, లే. ఇలా వచ్చి పడుకో."

"నాకు తల కడగడమేంటి? తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది."

"పడుకో బావా, పుణ్యముంటుంది."

బావ గొణుక్కుంటూ వెనక్కి వాలాడు. అక్క ఎప్పటిలాగే తన పక్కన నించుని, ఎడం చేత్తో షవర్ పట్టింది. బొంగరం నేల మీద మోకాళ్ళు ఆనించి బేసిన్ అంచుకు కళ్ళు ఆనించింది. నీళ్ళు ఒక పక్క నుంచి వచ్చి గుండు ఎక్కి, నడినెత్తి దాటి, రెండో పక్క పలచటి రేకులా పరుచుకుని దిగాయి. కంప్యూటరులో అద్దం గోడ ఉన్నది సరిగ్గా ఆ నడినెత్తి మీదే. అక్కడ నీళ్ళు ఆ గోడను దాటలేకపోయాయి. ఇక్కడ గోడ లేదు. రేకు కుడి చెవి వెనక్కి జారి, గాడి ఎక్కడ ముగుస్తుందో చూసుకుని వెళ్ళినట్టు ఆ పక్క నుంచే వెళ్ళి, అంచు వంపు పట్టుకుని బావ చొక్కాలోకి దిగింది.

"అమ్మో, చల్లగా ఉందే!"

బొంగరానికి తన కుడి చెవి గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మ పనిలో ఉంటే అక్కే తల రుద్దేది. సబ్బు నీళ్ళు ఎప్పుడూ కుడి చెవిలోకే వెళ్ళేవి. ఒక్కనాడూ ఎడమ చెవిలోకి వెళ్ళలేదు. ఒంటికి ఇన్నేళ్ళుగా తెలిసిన సంగతి బుర్రకు తట్టలేదు. మనిషి తల రెండు పక్కలా ఒకటే అనుకుంది, అందులో తప్పేమీ లేదు. కడిగే మనిషి ఎప్పుడూ ఒక పక్కనే ఉంటుందన్నది మాత్రం మర్చిపోయింది.

"తెలిసిందక్కా. సగం తల పెట్టాను. తప్పు నాదే."

"నీ సగం తల, ముప్పాతిక తల నాకొద్దు," అంది అక్క. "ఆ అమ్మాయి మళ్ళీ రాదు. పాత బేసినే బిగించుకుంటా. దీన్ని పట్టుకుపో. ఎలాగూ వచ్చే నెలకి ఇంకో కంపెనీలో ఉంటావు. ఆటో దాకా మోయడానికి మీ బావ వస్తాడు."

"కొన్నాళ్ళు ఆగు. సరిచేసి తెస్తా."

"నేను ఆగుతా. నువ్వు ఆగుతావా?"

బొంగరానికి తను బ్యాగు సర్దుకున్న ఆఫీసులన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

ఆఫీసులో పరిస్థితి ఇంకా ముదిరి ఉంది. నమూనా బాగుందని అందరూ మెచ్చుకోవడంతో బేసిన్‌కు ఉక్కు అచ్చు కోయడానికి మేనేజర్ ఒప్పేసుకున్నాడు. అచ్చు ఒకసారి కోస్తే ఇక అంతే. పొట్టి గాడితోనే బేసిన్లు వరసగా బయటికి వస్తాయి, ఊరూరా జాకెట్లు తడుస్తాయి. అచ్చుల మేస్త్రీ ఉక్కు దిమ్మ తెప్పించి సిద్ధంగా ఉన్నాడు. ఆ వారాంతంలోగా బొంగరం గాడి తప్పని నిరూపించాలి.

గుండు బాబాయ్‌ని మళ్ళీ అతికించి, పూర్తి తల పెట్టి, ఒక పక్క నుంచి నీళ్ళు పోసింది. లెక్క మొదలైంది. గీతలు ఎగిరాయి. మర్నాడు ఉదయం వచ్చి చూసినా ఎగురుతూనే ఉన్నాయి. పక్క బల్లవాడు వచ్చి జాలిగా చూశాడు.

"గళ్ళు ఎక్కడో సరిగ్గా కోసుండరు మేడమ్. కొంచెం డ్యాంపింగ్ పెట్టండి, కుదురుకుంటుంది."

డ్యాంపింగ్ అంటే లెక్కకు నిద్రమాత్ర. నీళ్ళు ఉన్నదానికన్నా కాస్త చిక్కగా, బద్ధకంగా ఉన్నాయని కంప్యూటరుకు అబద్ధం చెప్పడం. చిన్న మోతాదులో అందరూ వాడతారు. బొంగరం వేసింది. భోజనాల వేళకు గీతలు చదునై పడుకున్నాయి. తెర మీద నీళ్ళు బుద్ధిగా తల దిగి, బుద్ధిగా గాడిలో పడ్డాయి. చూడ్డానికి చాలా బాగుంది. పొట్టి గాడి కూడా సరిపోతుందని మళ్ళీ అదే జవాబు. ఒక్క క్షణం, పార్లర్‌లో చూసిందే పొరపాటేమో, బావ మెడ వంకరేమో అని కూడా అనిపించింది. కుదిరిన లెక్కకు అంత మత్తు ఉంటుంది.

కానీ బావ చొక్కాలో దిగిన నీళ్ళు ఏ మాత్రా మింగలేదు. ఆవిడ డ్యాంపింగ్ తీసేసింది. గీతలు లేచి కూర్చున్నాయి. ఈసారి గీతలను వదిలేసి నీళ్ళనే చూసింది. పలచటి రేకు మెడ వంపును పట్టుకుంది, జారింది, వదిలింది, చెవి వైపుకు ఊగింది, మళ్ళీ వంపును పట్టుకుంది. ఒక్కసారి వచ్చిన దారిన రెండోసారి రాలేదు. గళ్ళు ఎక్కడా తప్పు కోయలేదు. నీళ్ళ తీరే అది.

ఆ సాయంత్రం ఆఫీసులో ఒక వింత జరిగింది. బొంగరం కుర్చీలో కదలకుండా కూర్చుంది. కాఫీ మెషీన్ దగ్గరికి వెళ్ళలేదు. ఎవరి తప్పూ పట్టలేదు. పక్క బల్లవాడు రెండుసార్లు తొంగిచూసి, "ఒంట్లో బాలేదా మేడమ్?" అని అడిగాడు.

మర్నాడు మేనేజర్ గదికి వెళ్ళింది. ఆయన మంచివాడే, మర్యాదస్థుడు. ముందు మంచినీళ్ళ గ్లాసు జరిపి, తర్వాత కాదంటాడు.

"గాడి నడిమి వరకు చాలని చెప్పింది మీరే కదా మేడమ్."

"సగం తలకి చెప్పాను సార్. రెండో సగం లెక్కలో లేదు."

"ఉంటే మాత్రం? మనిషికి రెండు చెవులూ ఒకేలా ఉంటాయి."

"చెవులు ఒకేలా ఉంటాయి సార్. కడిగే మనిషి ఒక పక్కనే ఉంటుంది."

"సరే, పూర్తి తలది ఏం వచ్చింది? కుదిరిందా?"

"లేదు."

"మరి? కుదిరిన లెక్క పక్కన పెట్టి, కుదరని లెక్క పట్టుకుని అచ్చు ఆపమంటే కుదరదు మేడమ్."

"నేనూ అదే చెప్తున్నా సార్. కుదరదు. ఆ నీళ్ళు ఎప్పటికీ కుదరవు."

ఇద్దరూ ఒకే మాట అన్నారు. పనికి మాత్రం ఏ దారీ దొరకలేదు. రేపు మాట్లాడదాం అన్నాడాయన. రేపు అంటే మేస్త్రీ దిమ్మ బిగించే రోజు. సర్దేయడం అంటే ఏమిటో బొంగరానికి కొత్త కాదు.

ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళి కప్పు తీసి బ్యాగులో పడేసింది. బల్ల కింది చెప్పులు, ఫోన్ ఛార్జర్, కుర్చీ మీది చిన్న దిండు. ఎవరితోనూ చెప్పకుండా లిఫ్టు దాకా నడిచి మీట నొక్కింది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి.

ఇక్కడ ఆవిడకు ఏదో జ్ఞానం కలిగిందని రాస్తే చదువరులకు బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. నువ్వు ఆగుతావా అన్న అక్క గొంతు వినిపించింది, అంతే. అక్క మాట నిజమైపోతుందన్న ఉక్రోషంతో వెనక్కి తిరిగింది. మంచి పనులు చాలా వరకు ఇలాంటి పంతాల మీదే జరుగుతాయి, పేరు మాత్రం పెద్ద గుణాలకు పోతుంది.

తిరిగి వచ్చి, బ్యాగు భుజానికే ఉంచుకుని, లెక్కను వేరే ప్రశ్న అడిగింది. ఇన్నాళ్ళూ నీళ్ళు ఎక్కడ ఆగుతాయి అని అడుగుతూ వచ్చింది. ఆగని నీళ్ళను అలా అడిగితే అబద్ధమే చెబుతాయి. ఈసారి ఎంతవరకు వెళ్తాయి అని అడిగింది. ఊగులాటలో రేకు అంచు ఎక్కడెక్కడ తగిలిందో, తగిలిన ప్రతిచోటా చుక్క పెట్టించింది. చుక్కలన్నీ కలిసి మెడ వెనక నుంచి చెవి దాకా ఒక మచ్చగా పరుచుకున్నాయి. గాడి ఆ మచ్చను దాటి వెళ్ళాలి. నీళ్ళు కుదరకపోయినా జవాబు కుదిరింది. మేనేజర్‌కు కావలసిందీ గాడి ఎంతదాకా అన్న ఆ ఒక్క గీతే.

అయినా బొమ్మను నమ్మి ఆయన అచ్చు ఆపడని ఆవిడకు తెలుసు. పొద్దున్నే అచ్చుల షెడ్డు బయట, కుళాయి పక్కన, అదే పొట్టి గాడితో ఆఫీసులో ఉన్న రెండో నమూనా బేసిన్‌ను బల్ల మీద పెట్టించింది. మేనేజర్‌ను పిలిచింది.

"మీరు పడుకోవాలి సార్."

"నా తలెందుకు?"

"అచ్చుకి ఒప్పుకున్న తల అదే కదా సార్."

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మేనేజర్ ఇస్త్రీ చొక్కా కాలరు సవరించుకుని వెనక్కి వాలాడు. మేస్త్రీని గొట్టం పట్టమంది. మేస్త్రీది కుడిచేతి వాటం, ఆయన తనకు అలవాటైన పక్కన నించున్నాడు. నీళ్ళు ఈసారి ఎడమ చెవి వైపు ఊగాయి. గాడి దాటాయి. చొక్కాలోకి దిగాయి.

"ఆపండి, ఆపండి!" మేనేజర్ లేచి కూర్చున్నాడు. ఎడమ భుజం వెనక తడి ఒక దేశం పటంలా పరుచుకుంది. బొంగరం ఫోన్‌లో తన చుక్కల మచ్చను తీసి ఆయన ముందు పెట్టింది. మచ్చ కుడి వైపుది, తడి ఎడమ వైపుది. అంతకు మించి తేడా లేదు.

ఆయన మంచివాడే అని ముందే చెప్పుకున్నాం. చొక్కా పిండుకుంటూ మేస్త్రీ వైపు చూశాడు. "గాడి రెండు చెవుల దాకా తీస్తే అచ్చుకి ఏమన్నా ఇబ్బందా?"

"ఇబ్బందే సార్," అన్నాడు మేస్త్రీ. "పొడుగు గాడి వంకర తిరుగుతుంది, పాలిష్ పట్టడం కష్టం. దిమ్మ మళ్ళీ కొలవాలి." తర్వాత తడిసిన భుజాన్ని ఓసారి చూసి, "తీద్దాం లెండి," అన్నాడు.

కొత్త బేసిన్ అక్క పార్లర్‌కు వెళ్ళిన రోజున బావే ఆటో దగ్గరికి ఎదురొచ్చాడు. "ఈసారి నేను పడుకోను," అన్నాడు ముందే. పాత బేసిన్ ఊడదీసి కొత్తది బిగించేదాకా అక్క పక్కనే నించుని చూసింది. వార్తల అమ్మాయి మళ్ళీ రాలేదు. ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీ మీద ఎవరో దువ్వెనలు పెట్టారు.

"ఇంకా అక్కడే ఉన్నావా?" అంది అక్క చివరికి.

"ఉన్నా. గాడిలో షాంపూ నురగ పేరుకుంటోంది. అదొకటి చూడాలి."

"చూద్దువుగానిలే. పడుకో. నీ తల మీదే చూస్తా. ఇంకొకరి జాకెట్టు నాకొద్దు."

బొంగరం వెనక్కి వాలి మెడ ఆనించింది. అక్క తువ్వాలు తీసి మెడ చుట్టూ చుట్టబోయింది.

"అదక్కర్లేదక్కా."

"అక్కర్లేదని నువ్వు కిందటిసారీ అన్నావు," అంటూ చుట్టేసింది.

నీళ్ళు వచ్చాయి. అక్క చెయ్యి తల మీద పడగానే చిన్నప్పటి బరువు తెలిసింది. షాంపూ రుద్దుతూ అక్క ఎవరెవరి సంగతులో చెబుతోంది. బొంగరానికి ఒక్క ముక్క వినిపించలేదు. కుడి చెవి వెనక నీళ్ళు ఎటు పోతున్నాయో చర్మంతో వింటోంది. రేకు వచ్చింది, ఊగింది, గాడి అంచున తడబడింది, బేసిన్‌లో పడింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పడింది. కుడి వైపు సరే. మరి ఎడమ వైపు? అక్క ఎప్పుడూ ఇటే నించుంటుంది, అటు గోడ. ఊళ్ళో మిగతా పార్లర్లలో గోడ ఇటుండొచ్చు కదా. మేస్త్రీ పట్టింది తోట గొట్టం, షవర్ కాదు. ఎడమ వైపు షవర్‌తో ఎవరూ చూడనే లేదు.

ఆవిడ చటుక్కున లేచి కూర్చుంది. ఒక పక్కంతా నురగ, రెండో పక్క షాంపూ ఇంకా తగలనే లేదు.

"బావా! నీది కుడిచేతి వాటమే కదా? ఆ గోడకీ బేసిన్‌కీ మధ్య దూరగలవా?"

"దూరితే మళ్ళీ బయటికి తీసే లెక్క కూడా మీ కంప్యూటర్ చెప్తుందా?" అంటూనే బావ పొట్ట లోపలికి పీల్చుకుని గోడ పక్కకు వెళ్ళాడు.

అక్క వాళ్ళిద్దర్నీ పట్టించుకోలేదు. చెల్లెలి మెడ మీది తువ్వాలు విప్పి, చేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. ఉతకాల్సిన బుట్ట వైపు ఒక అడుగు వేసి ఆగింది. తువ్వాలును మళ్ళీ మడతపెట్టి, ఉతికినవాటి అరలో పైన పెట్టింది. అప్పుడు తిరిగి చూసేసరికి బొంగరం కుర్చీ దిగి, నురగ భుజం మీదికి కారుతుండగా, బావ చేతికి షవర్ ఎలా పట్టాలో నేర్పుతోంది.

"కూర్చోవే," అంది అక్క. "సగం తలే అయింది."